షెడ్డులో కట్టే విమానం బాడీ



విమానాన్ని ఇంటి పక్క షెడ్డులో కట్టుకునేవాళ్ళు ఉన్నారంటే తిరువూరు బస్టాండు దగ్గర టీ తాగుతున్నవాళ్ళెవరూ ఒక పట్టాన నమ్మరు. మనకు తెలిసిన విమానం గన్నవరంలో దిగేది. దాన్ని ఎక్కడో పెద్ద కంపెనీ తయారుచేస్తుంది, మనం టికెట్టు కొనుక్కుని ఎక్కుతాం. మన చేతికీ దానికీ అంతకు మించి సంబంధం ఉండదనుకుంటాం. అమెరికాలో, యూరప్‌లో, దక్షిణాఫ్రికాలో మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు మాత్రం వేల సంఖ్యలో సొంత విమానాలు కట్టుకున్నారు. వాటిలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుగుతున్నారు. ఆ పనిలో అన్నిటికన్నా కీలకమైన ఘట్టం గురించి, అంటే విమానం బాడీని ముక్క ముక్కగా కూర్చి నిలబెట్టడం గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. ఆ బాడీని ఇంజనీర్లు ఫ్యూజ్‌లేజ్ అంటారు.

ఈ సంగతి మనకెందుకు అని మీరు అడగవచ్చు. మన పిల్లలకు ఇది బాగా అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో మాటల్లోనే తేలుతుంది.

1953లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన, తనలాగే సొంతంగా విమానాలు కట్టుకునే కొద్దిమందిని పోగేసి ఒక సంఘం పెట్టాడు. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ దాని పేరు. ఇప్పుడు ఏటా జూలైలో ఆష్‌కాష్ అనే ఊళ్ళో వాళ్ళు జరిపే జాతరకు వేల విమానాలు వచ్చి వాలతాయి. ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంజనీరు ఆరెగాన్ రాష్ట్రంలో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. ఆయన అమ్మింది విమానం కాదు, విమానానికి కావలసిన రేకులూ యాంగిళ్ళూ డ్రాయింగులూ. కట్టుకోవలసింది కొన్నవాళ్ళే. అలా కట్టుకున్న ఆర్‌వీ రకం విమానాలు ఇంతవరకు పదకొండు వేలకు పైగా గాలిలోకి లేచాయి.

అక్కడి చట్టంలో ఒక షరతు ఉంది. విమానం తయారీలో సగానికి మించిన పని దాన్ని కట్టుకునే మనిషే చేయాలి. దాన్ని 51 శాతం నియమం అంటారు. చదువు కోసమో సరదా కోసమో కట్టుకున్నట్టు రుజువు చూపించాలి. అందుకని ప్రతివాళ్ళూ రోజువారీ పనికి ఫోటోలు తీసి, పుస్తకంలో రాసి పెట్టుకుంటారు. చట్టం దృష్టిలో ఇది విద్య. నాకు ఆ దృష్టి చాలా నచ్చింది.

ఈ విడిభాగాల కిట్టు ఒకేసారి రాదు. మొదట తోక వస్తుంది, తర్వాత రెక్కలు, ఆ తర్వాత బాడీ, చివర్లో ఇంజనూ అద్దాలూ మీటర్లూ. తోక ముందు రావడానికి మంచి కారణమే ఉంది. అది చిన్నది. అందులో ఒక ముక్క పాడైతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. చేయి తోకమీద తిరుగుతుంది. బాడీ దగ్గరికి వచ్చేసరికి మనిషి పనివాడై ఉండాలి.

బాడీ మోసే బరువేమిటో ముందు చూద్దాం. ఎగిరేటప్పుడు విమానం బరువంతా రెక్కల మీద ఉంటుంది. రెక్కల్ని పట్టుకుని ఉండేది బాడీ. ముందువైపు ఇంజను లాగుతుంది. వెనక తోక సాధారణంగా కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు లేకపోతే ముక్కు కిందికి వాలిపోతుంది. మధ్యలో మనుషులు, వాళ్ళ సామాను. నేల మీద దిగినప్పుడు చక్రాల దెబ్బ కూడా అక్కడికే చేరుతుంది. చుక్కాని తిప్పితే తోక పక్కకు లాగి బాడీని మెలిపెట్టబోతుంది. వంగకూడదు, మెలిపడకూడదు, నలగకూడదు. ఇన్ని చేసీ తేలిగ్గా ఉండాలి. ఇద్దరు కూర్చునే ఆర్‌వీ-12 అనే విమానం మొత్తం ఖాళీ బరువు 350 కిలోలకు అటూ ఇటూ. మన సందుల్లో తిరిగే ఆటో బరువు కూడా దాదాపు అంతే.

ఇంత తేలికైన ఒంటికి అంత బలం తెచ్చే దారులు స్థూలంగా రెండు. మొదటిది పాతది. ఉక్కు గొట్టాల్ని వెల్డింగు చేసి త్రికోణాల చట్రం కట్టి, దాని మీద గుడ్డ బిగించి, రంగు పూస్తారు. మన పూరిల్లు గుర్తు చేసుకోండి. బరువంతా నిట్రాడా దూలాలూ వాసాలూ మోస్తాయి. పైన తాటాకు వానకూ ఎండకూ అడ్డం, అంతే. అలాగే ఇక్కడ గుడ్డ గాలికి అడ్డం, బలం గొట్టాలది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు తయారుచేసిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానం ఈ పద్ధతిలో కట్టినదే. అది 1958లో మొదటిసారి ఎగిరింది. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దాని మీదే ఓనమాలు దిద్దుకున్నారు. బెంగళూరులోని రాజ్‌హంస సంస్థ ఎక్స్-ఎయిర్ పేరుతో విదేశాలకు పంపిన కిట్లలో వెల్డింగు కూడా లేదు, అల్యూమినియం గొట్టాల్ని బోల్టులతో బిగించడమే. కిట్టు విమానం మనకు పూర్తిగా కొత్తేమీ కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

రెండో పద్ధతిలో రేకే బరువు మోస్తుంది. ఇది వినగానే చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, కొన్నిచోట్ల ఆరేడు పదో వంతులే. విడిగా చేతిలోకి తీసుకుంటే లొడలొడలాడుతుంది, బొటనవేలితో నొక్కితే సొట్టపోతుంది. దాన్ని వంచి, లోపల అడ్డంగా బల్క్‌హెడ్లు అనే చట్రాలు, పొడవునా లాంగెరాన్లు అనే యాంగిళ్ళు పెట్టి, వేల రివెట్లతో పట్టించాక అది మరో వస్తువైపోతుంది. మెలిపెట్టబోతే రేకు సాగుడుతో ఎదురుతిరుగుతుంది. రేకు ముడుచుకోకుండా లోపలి యాంగిళ్ళు పట్టుకుంటాయి. దేనికదే బలహీనం, కలిస్తే మనిషి వెళ్ళి తోక మీద కూర్చున్నా చెక్కుచెదరదు.

ఆ రేకు ఉత్త అల్యూమినియం కాదు. ఉత్త అల్యూమినియం వంటింటి గిన్నెలకు చాలు, విమానానికి చాలదు. 1906 ప్రాంతంలో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే శాస్త్రవేత్త అల్యూమినియంలో కొద్దిగా రాగి, ఇంకాస్త మెగ్నీషియం కలిపి వేడి చేసి నీళ్ళలో చల్లార్చాడు. వెంటనే పరీక్షిస్తే గట్టితనం అంతంత మాత్రం. రెండు మూడు రోజులు పక్కన పెట్టి మళ్ళీ చూస్తే అదే ముక్క బాగా గట్టిపడి ఉంది. అప్పటికి ఆయనకు కారణం తెలియలేదు. లోపల రాగి అణువులు నెమ్మదిగా గుంపులు కట్టి లోహపు పొరలు జారకుండా అడ్డుపడతాయని తర్వాతివాళ్ళు కనిపెట్టారు. డ్యూరాలుమిన్ అని పేరుపడ్డ ఆ లోహం సంతతే ఈనాటి 2024 రకం రేకు. రాగి కలిసిన రేకు తేలిగ్గా చిలుము పడుతుంది. అందుకని దాని రెండు ముఖాల మీదా పలుచగా శుద్ధమైన అల్యూమినియం పొర అంటిస్తారు. ఆ పొరను గీకేస్తే రేకుకు రక్షణ పోయినట్టే. షెడ్డులో పనిచేసేవాళ్ళు రేకు మీద గీత గీయడానికి ఇనప ములుకు వాడరు. స్కెచ్ పెన్నుతో గీస్తారు. పెన్సిల్ కూడా పనికిరాదు, అందులోని గ్రాఫైట్ తగిలినచోట చిలుము మొదలవుతుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. డబ్బాలు విప్పి, ప్రతి ముక్కనూ జాబితాతో సరిచూసుకుని, అరల్లో సర్దుకోవడానికే చాలా రోజులు పడుతుంది. ఆ తర్వాత మొదట పట్టుకోవలసింది బల్క్‌హెడ్లు. రేకును అచ్చులో పెట్టి నొక్కి అంచులు మడిచి పంపుతారు. అంచు మడిచినప్పుడు అక్కడ లోహం పోగుపడి ముక్క కాస్త విల్లులా వంగి వస్తుంది. దాన్ని బల్ల మీద పెడితే ఊగుతుంది. అంచు మీద రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఒక ప్రత్యేకమైన పటకారుతో చిన్న చిన్న ముడతలు వేస్తూ వస్తే ఆ ఎక్కువైన లోహం ముడతలోకి పోయి, ముక్క చాపలా పరుచుకుంటుంది. ఒక్కో ముడతకూ బల్ల మీద పెట్టి చూడాలి. ఒక ముడత ఎక్కువైనా రెండో వైపుకు వంగుతుంది.

లాంగెరాన్ల వంతు ఇంకా కష్టం. ముప్పాతిక అంగుళం వెడల్పు యాంగిల్, బాడీ పొడవునా ముందు నుంచి తోకదాకా నడుస్తుంది. బాడీ పైనుంచి చూస్తే చేప ఆకారంలో ఉంటుంది కాబట్టి యాంగిల్ కూడా ఆ వంపు తిరగాలి. దీన్ని చాలా కిట్లలో మిషను మీద వంచి పంపరు. వైస్‌లో బిగించి, ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో మెత్తటి సుత్తితో కొట్టాలి. ఒకటిన్నర అంగుళం జరిపి మళ్ళీ కొట్టాలి. బల్ల మీద గీసుకున్న వంపుతో పోల్చి చూడాలి. యాంగిల్‌కు ఒక గుణం ఉంది, ఒక వైపు వంచితే మరో వైపు మెలిపడుతుంది. వంపు తెచ్చి, మెలిక తీసి, మళ్ళీ వంపు సరిచూసుకోవాలి. ఇలాంటివి కుడికొకటి, ఎడమకొకటి, అచ్చుగుద్దినట్టు ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే పెద్దమేస్త్రికి ఈ పని చూపిస్తే డ్రాయింగు అడగకుండానే సుత్తి అందుకుంటాడని నాకనిపిస్తుంది.

పాతరోజుల్లో బాడీని నిలబెట్టడానికి ముందు జిగ్గు అనే పెద్ద చెక్క చట్రం కట్టాల్సి వచ్చేది. రసమట్టం పెట్టి, దారానికి గుండు వేలాడదీసి, బల్క్‌హెడ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు డ్రిల్లు పట్టేవాళ్ళు. ఇప్పుడు కంప్యూటర్ నడిపే మిషన్లు రేకులో రంధ్రాలన్నీ ముందే కొట్టి పంపుతున్నాయి. రేకులో రంధ్రం, బల్క్‌హెడ్‌లో రంధ్రం ఎదురెదురుగా వచ్చాయంటే వంపు సరిగ్గా కుదిరినట్టే. రాకపోతే ఎక్కడో ముక్క తిరగబడిందన్నమాట. ఈ ఒక్క మార్పుతో ఇంట్లో విమానం కట్టుకోవడం ఎంతోమందికి అందుబాటులోకి వచ్చింది.

రంధ్రాలు కలిశాక ముక్కల్ని తాత్కాలికంగా పట్టి ఉంచేది క్లీకో అనే చిన్న స్ప్రింగు పిన్ను. వేలెడంత ఉంటుంది. పటకారుతో నొక్కి రంధ్రంలో దూర్చి వదిలితే లోపల కాళ్ళు విచ్చుకుని రేకుల్ని బిగించి పట్టుకుంటుంది. సైజుకొక రంగు: అంగుళంలో ఎనిమిదో వంతు రంధ్రానికి రాగి రంగుది, దానికన్నా చిన్నదానికి వెండి రంగుది. వందల క్లీకోలతో ముళ్ళపందిలా నిలబడ్డ బాడీని చూస్తే ఇక అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ పూట చేసిందంతా విప్పేయాలి. ప్రతి రంధ్రాన్నీ సరైన సైజుకు డ్రిల్లు చేశాక ముక్కలన్నీ ఊడదీసి, రంధ్రం అంచుల్లో లేచిన గరుకును రెండు వైపులా తీసేయాలి. గాలి తగిలే బయటివైపు రివెట్ తల రేకుతో సమంగా ఉండాలి కాబట్టి అక్కడ రంధ్రం చుట్టూ చిన్న గుంట నొక్కాలి. తర్వాత లోపలివైపు చిలుము పట్టకుండా ప్రైమరు కొట్టి, ఆరనిచ్చి, అన్నీ మళ్ళీ కూర్చాలి. ఒకే బాడీని ఇలా రెండుసార్లు కట్టాలన్నమాట. ఓపిక లేనివాళ్ళు ఆగిపోయేది ఇక్కడే. సగం కట్టి అమ్మకానికి పెట్టిన కిట్లు ఏ దేశంలో చూసినా కనిపిస్తాయి.

ఇక రివెట్. పైనుంచి చూసేవాళ్ళకు అది మేకులాంటి ఒక చిన్న ముక్క. ఎనిమిదో వంతు అంగుళం రివెట్ అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం. దాన్ని రంధ్రంలో పెట్టాక అవతలివైపు దాని మందానికి ఒకటిన్నర రెట్లు పొడుచుకు రావాలి. ఇద్దరు మనుషులు కావాలి. బయట ఒకరు రివెట్ గన్‌ను రివెట్ తల మీద ఆనించి పట్టుకుంటారు. లోపల ఒకరు బకింగ్ బార్ అనే నున్నటి ఇనప దిమ్మను రివెట్ తోకకు ఆనించి పట్టుకుంటారు. గన్ టకటకమని కొడుతుంటే దిమ్మ ఎదురు దెబ్బ ఇస్తుంది. రివెట్ తోక నలిగి, రంధ్రం నిండా ఉబ్బి, అవతల గుండ్రటి తలగా మారుతుంది. ఆ తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. తక్కువ కొడితే పట్టు ఉండదు, ఎక్కువ కొడితే తల పలుచబడి పగులుతుంది, రంధ్రం చుట్టూ రేకు సాగి ఉబ్బెత్తుగా లేస్తుంది. సరిగ్గా పడ్డ రివెట్‌కు రెండు సెకన్లు చాలు.

బాడీలో లోపలివైపు మనిషి పని మాటల్లో చెప్పేది కాదు. తోకవైపు సన్నబడే సొరంగంలో బోర్లా పాకుతూ పోయి, మోచెయ్యి మడవడానికి చోటులేని దగ్గర దిమ్మ పట్టుకోవాలి. చెవుల్లో దూది, పైన మఫ్లరు ఉన్నా డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు. బయట ఉన్నవాళ్ళకు లోపలి మనిషి కనపడడు. అందుకని గట్టిగా మాట చెప్పాకే గన్ నొక్కుతారు. దిమ్మ ఆనించకముందే గన్ నొక్కితే రేకు సొట్టపోతుంది. గన్ జారితే నెలవంక లాంటి గాటు పడుతుంది. చాలా ఇళ్ళలో గన్ భర్తది, దిమ్మ భార్యది, లేదా తండ్రిది గన్, కూతురిది దిమ్మ. ఒకరినొకరు నమ్మకుండా ఒక్క రివెట్ కూడా సరిగా పడదు.

పాడైన రివెట్‌ను తీయడం ఒక విద్య. తల నట్టనడుమ డ్రిల్లు చేసి, తలను ఊడగొట్టి, మిగిలిన కాడను సున్నితంగా బయటికి తట్టాలి. చెయ్యి కాస్త పక్కకు పోతే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది, అప్పుడు పెద్ద సైజు రివెట్ వేయక తప్పదు. పెద్ద రంధ్రం రేకు అంచుకు దగ్గరవుతుంది. అంచు నుంచి రివెట్ మందానికి కనీసం రెండింతల దూరం ఉండాలన్నది నియమం. అందుకే అనుభవజ్ఞులు ఒక మాట చెబుతారు: కొంచెం వంకరగా పడ్డ రివెట్‌ను తీయబోయి రేకును పాడుచేసుకోకండి, కొలత పట్టి చూసి హద్దులో ఉంటే వదిలేయండి. హద్దు దాటితే మాత్రం ఎవరూ చూడకపోయినా తీసేయండి. ఈ రెండింటి మధ్య తేడా తెలిసినవాడే పనివాడు.

చిన్న విషయానికి ఇంత పట్టింపు దేనికంటారా? 1978లో జపాన్‌లోని ఒసాకాలో ఒక జంబో విమానం దిగుతూ తోకను నేలకు రాసింది. వెనకవైపు గాలి ఒత్తిడిని ఆపే బల్క్‌హెడ్ దెబ్బతింది. దాన్ని తయారుచేసిన కంపెనీ నిపుణులే మరమ్మతు చేశారు. అతుకు మధ్య ఒకే ముక్కగా ఉండాల్సిన పట్టీని రెండుగా కోసి పెట్టారు. దాంతో రెండు వరసల రివెట్లు మోయాల్సిన బరువును ఒక్క వరసే మోసింది. పైకి తేడా తెలియలేదు. విమానం అలాగే ఏడేళ్ళు తిరిగింది, పన్నెండు వేలసార్లు పైగా ఎగిరి దిగింది. 1985 ఆగస్టు 12న గాలిలో ఆ అతుకు తెగింది. తోక ఎగిరిపోయింది. విమానంలో ఉన్న 524 మందిలో 520 మంది చనిపోయారు. ఒక్క విమానం కూలి ఇంతమంది పోయిన ప్రమాదం ప్రపంచంలో మరొకటి లేదు. ఆ పట్టీ కోసిన మనిషికి దురుద్దేశం ఉండి ఉండదు. డ్రాయింగులో ఉన్నది ఎందుకు ఉందో ఆలోచించకుండా చేతికి అనువైనట్టు చేసి ఉంటాడు. ఇంట్లో కట్టే చిన్న విమానానికి సాధారణంగా లోపల గాలి ఒత్తిడి నింపరు, దానికి ఆ బెడద లేదు. కానీ అతుకు లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

కిట్టు కంపెనీలకూ రివెట్ రంధ్రమే పాఠం చెప్పింది. గిరాకీ పెరిగి, పంచింగు మిషన్లు చాలక వాన్స్ కంపెనీ కొంతకాలం లేజరుతో రంధ్రాలు కోయించింది. లేజరు కోసిన అంచులో కంటికి సరిగ్గా ఆనని లోపాలున్నాయి. కొన్నవాళ్ళు ఇంటి దగ్గర గుంట నొక్కేటప్పుడు ఆ రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్ళు వచ్చాయి. ముక్కలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. దానికి మరికొన్ని ఇబ్బందులు తోడై, 2023 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మరుసటి ఏడు బయటపడి మళ్ళీ నిలదొక్కుకుంది.

బాడీ పనిలో అందరూ ఎదురుచూసే రోజొకటి ఉంది. చాలా కిట్లలో బాడీ అడుగుభాగాన్ని తలకిందులుగా పెట్టి కడతారు. అడుగు రేకులూ పక్క రేకులూ రివెట్లు పడ్డాక నలుగురైదుగురు స్నేహితులు వచ్చి, తలో చెయ్యి వేసి దాన్ని తిరగేస్తారు. పైకప్పు ఇంకా ఉండదు కనుక అప్పుడది పడవలా ఉంటుంది. కట్టేవాళ్ళంతా ఆ దశను పడవ దశ అనే పిలుచుకుంటారు. అంత పొడవు వస్తువును నలుగురు అవలీలగా ఎత్తేస్తారు. కట్టినతను లోపలికి ఎక్కి, ఇంకా సీటు కూడా లేని చోట చతికిలబడి కూర్చుని ఫోటో తీయించుకుంటాడు. ఆ ఫోటో లేని కిట్టు పుస్తకం ఉండదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాదుకు దక్షిణంగా ఆదిభట్ల ఉంది, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో. మన కొండపల్లి పక్కనున్న ఇబ్రహీంపట్నం కాదు. ఆదిభట్లలో టాటా సంస్థ సికోర్‌స్కీ హెలికాప్టర్లకు క్యాబిన్లు, సి-130జె రవాణా విమానాలకు తోకభాగాలు చేస్తోంది. బోయింగుతో కలిసి పెట్టిన కర్మాగారం 2018 మార్చిలో మొదలైంది, ఆ జూన్‌లోనే మొదటి అపాచీ హెలికాప్టర్ బాడీ బయటికి వచ్చింది. 2021 నాటికి వందోది పంపారు. హైదరాబాదుకే చెందిన వెమ్ టెక్నాలజీస్ తేజస్ యుద్ధవిమానం మార్క్-1ఎ రకానికి మధ్యబాడీ కట్టి 2025 మే 30న హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అప్పగించింది. ఆ మరుసటి వారమే రఫేల్ యుద్ధవిమానం బాడీల్ని హైదరాబాదులో తయారుచేయడానికి ఫ్రాన్స్‌కు చెందిన దసో, టాటా ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రాన్సు బయట రఫేల్ బాడీ తయారవడం ఇదే మొదలు. తేజస్ పథకాన్ని తొలి ఏళ్ళలో నడిపించి, 2001లో గాలిలోకి లేపిన కోట హరినారాయణ గారు బరంపురంలో పుట్టిన తెలుగువారన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

అంటే తెలుగునాట ఈ రోజున బల్క్‌హెడ్లూ రివెట్లూ పట్టుకునే చేతులు వేలల్లో కావాలి. ఆ చేతులు ఎక్కడ తయారవుతున్నాయి? మన కాలేజీల్లో మెకానికల్ చదివే కుర్రాడు నాలుగేళ్ళలో ఒక్క రివెట్ కూడా కొట్టకుండా బయటికి వస్తున్నాడు. ఫ్యూజ్‌లేజ్ మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు రాయగలడు. రేకు అంచున గరుకు వేలికి ఎలా తగులుతుందో తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో చూడండి. టెక్సాస్‌లోని జార్జ్‌టౌన్ అనే ఊళ్ళో హైస్కూలు పిల్లలతో ఆర్‌వీ-12 కట్టించడం టాంగో ఫ్లైట్ పేరుతో మొదలై ఇతర ఊళ్ళకు పాకింది. దక్షిణాఫ్రికాలో 2019లో ఇరవై మంది టీనేజి పిల్లలు స్లింగ్-4 అనే నాలుగు సీట్ల కిట్టు విమానాన్ని మూడు వారాల్లో కూర్చారు. ఇంజనూ ఎలక్ట్రానిక్ పరికరాలూ మాత్రం నిపుణులు బిగించారు. ఆ విమానం కేప్‌టౌన్ నుంచి కైరో దాకా, ఆఫ్రికా ఆ కొస నుంచి ఈ కొసకు ఎగిరింది. పిల్లల్లో లైసెన్సు ఉన్నవాళ్ళే నడిపారు.

మన దేశంలో ఈ దారి మూసుకుపోయి లేదు. 1987లోనే బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీ, బర్ట్ రూటన్ అనే అమెరికన్ ఇంటి దగ్గర కట్టుకునేవాళ్ళ కోసం గీసిన లాంగ్-ఈజీ నమూనాను తీసుకుని, ఫైబర్‌గ్లాస్‌తో ఒక చిన్న విమానం కట్టి ఎగరేసింది. అప్పుడు దానికి డైరెక్టరు రొద్దం నరసింహ గారు. కాంపోజిట్ పనిలో చెయ్యి తిప్పుకోవడమే అక్కడివాళ్ళ ఉద్దేశం. ఆ అనుభవంతో హంస శిక్షణ విమానం వచ్చింది, 1993లో ఎగిరింది. అంత పెద్ద ప్రయోగశాలే ఇంట్లో కట్టుకునే విమానం నుంచి పాఠం నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంటు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు. దానికి 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగరేయడానికి అనుమతి దొరికాయి. అనుమతుల కోసం ఆయన ఎంతో తిరగాల్సి వచ్చింది. ఆయన తర్వాత వచ్చేవాళ్ళకైనా దారి సుగమం కావాలి.

పూర్తి కిట్టు, ఇంజను, పరికరాలు కలిస్తే ఖర్చు కోటి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. ఏ ఒక్క కాలేజీకో అది తలకు మించిన భారమే. అక్కడి నుంచి మొదలుపెట్టమని నేననడం లేదు. రెండు బల్క్‌హెడ్లు, నాలుగు లాంగెరాన్ ముక్కలు, చుట్టూ రేకు, ఇంతే ఉన్న మూడడుగుల బాడీ ముక్క ఒకటి కట్టించండి. రేకు, వంద క్లీకోలు, ఒక రివెట్ గన్, ఒక కంప్రెసర్, కొలతలు చూసే గేజీలు ఉంటే చాలు. ఒక కంప్యూటర్ ల్యాబుకు అయ్యే ఖర్చులో చిన్న వంతు. నేర్పడానికి విజయవాడ ఆటోనగర్ నుంచి షీటుమెటల్ మేస్త్రీల్ని పిలిపించండి, తిరువూరుకు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరమే. వాళ్ళను అతిథులుగా గౌరవించి, పారితోషికమిచ్చి, పిల్లల పక్కన నిలబెట్టండి. కొలత, డ్రాయింగు, లెక్క లెక్చరర్లు చెప్పాలి. చెయ్యి మేస్త్రి నేర్పాలి. కట్టిన ముక్కను చివర్లో ఇసుక బస్తాలు వేసి, ఎంత బరువుకు ముడుచుకుపోతుందో పిల్లల చేతే పరీక్ష చేయించండి. మొదటి ఏడు బాడీ ముక్క, రెండో ఏడు చిన్న తోక. మూడు నాలుగు కాలేజీలు, ఒక ఐటీఐ కలిసి ఖర్చు పంచుకుంటే ఆ పైన పూర్తి కిట్టు తెప్పించుకోవచ్చు. దాత దొరికితే ఇంకా ముందే తెప్పించుకోవచ్చు. మన మామిడి రైతుల బిడ్డలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ పనిలో ఎవరికీ తీసిపోరు. సన్నటి సొరంగంలోకి పాకి దిమ్మ పట్టుకోవడానికి కండబలం అక్కర్లేదు, నిదానం కావాలి.

ఈ మాటలు వింటున్న ప్రిన్సిపాళ్ళకు, కాలేజీ యాజమాన్యాలకు, శాసనసభ్యులకు నా మనవి ఇదే: వచ్చే విద్యాసంవత్సరంలో మీ ప్రాంతంలో ఒక్క చోటైనా ఆ మూడడుగుల ముక్క మొదలుపెట్టించండి. తల్లిదండ్రులారా, మీ అమ్మాయో అబ్బాయో చేతికి మసి అంటించుకుని ఇంటికి వస్తే అడ్డుచెప్పకండి. ఆటోనగర్ మేస్త్రీలారా, ఎవరైనా వచ్చి నేర్పమని అడిగితే కాదనకండి.